ఊదా గౌను కాజాలు

ఓస్టర్వేర్డ్,
సెప్టెంబరు 14

ఆడపడుచు విల్లెమీన్‌కి,

ఇక్కడ అందరూ క్షేమం, నేను తప్ప. ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు, చెవులు వినపడవంటావు. అందుకే ఈ కాగితం. కలం గట్టిగా నొక్కుతున్నానని నాకే తెలుస్తోంది. ఎక్కడైనా చిరిగితే సర్దుకో.

నిన్న చర్చి హాల్లో మన పాతకాలపు క్రిస్మస్‌కి వీధంతా తొడుక్కునే ముత్తాతల కాలపు బట్టల తనిఖీ జరిగింది. ఇన్నేళ్ళూ తనిఖీ అంటే నువ్వు మెడలో టేపు వేసుకుని, నోట్లో గుండుసూదులు పెట్టుకుని "సరే, పో" అనడమే. నువ్వు దీవికి వెళ్ళిపోయాక ఆ కుర్చీలో రూలోఫ్ బోస్కాంప్ చేరాడు. అదే, బడిలో భూగోళం చెప్పి రిటైరైన ఆయన. ఒళ్ళో ఒక ఆల్బమ్ పెట్టుకున్నాడు. 1870 ప్రాంతంలో మన వీధిలో తీసిన ఫోటోలు. ఒక్కొక్కరిని నిలబెట్టి, ఫోటో చూసి, మనిషిని చూసి, తల ఊపుతున్నాడు.

నేను మా ముత్తవ్వ ఊదా గౌను తొడుక్కుని వెళ్ళాను.

"ఈ రంగు కుదరదు ఫెమ్మీ గారూ" అన్నాడు.

"ఎందుకు కుదరదు?"

"ఆ రోజుల్లో ఇలాంటి రంగుల్లేవండి. చూడండి, ఒక్కరైనా ఊదా రంగులో ఉన్నారా?" అని ఆల్బమ్ నా ముందుకు తోశాడు.

విల్లెమీన్, అవి పాత ఫోటోలు. అందులో మనుషులు గోధుమరంగు, గడ్డి గోధుమరంగు, నది కూడా గోధుమరంగే. "అయితే ఆ రోజుల్లో గడ్డి పచ్చగా ఉండేది కాదా మాస్టారూ?" అని అడిగాను. వెనక వరసలో వాళ్ళు పకపకా నవ్వారు. ఆయన నవ్వలేదు. నా పేరు పక్కన ఇంటూ మార్కు పెట్టాడు. నా నోరే నాకు శత్రువు, ఒప్పుకుంటాను. కాని గౌను ఏం చేసింది?

ముత్తవ్వ ఈ ఇంట్లో రొట్టెల కొట్టు తెరిచిన ఏడాది తన చేత్తో కుట్టుకున్న గౌను అది. నీకు తెలియనిదేముంది, దాని నడుం వదులు చేసింది నువ్వే. "ఈ గౌను అసలైనది, 1868 నాటిది, నేను స్వయంగా చూశాను" అని రెండు లైన్లు రాసి సంతకం పెట్టి పంపు. కమిటీలో నీ మాటకు ఇంకా విలువ ఉంది. ముందు పట్టీ మీది గుండీ కాజాలు చూస్తేనే తెలిసిపోతుంది, ఈ కాలంవాళ్ళు కుట్టినవి కావని. నీ పని బాగుండదని కాదు. ముత్తవ్వ చెయ్యి ముత్తవ్వదే, ఆ మాట నీకు చాలాసార్లు చెప్పాను.

నీ వదిన,
ఫెమ్మీ

వ్లీలాండ్ దీవి,
సెప్టెంబరు 25

ప్రియమైన వదినకి,

నీ ఉత్తరం అందింది. రెండుచోట్ల నిజంగానే చిరిగింది.

ఇక్కడ ఇసుక దిబ్బల్లో క్రాన్‌బెర్రీలు పండాయి. రోజూ పొద్దున్నే మా అమ్మాయితో వెళ్ళి బుట్టెడు ఏరుకొస్తున్నాను. నడుం పట్టేస్తోంది. గాలి మాత్రం మనిషిని నిలబడనివ్వదు, మొన్న ఆరేసిన దుప్పటి పక్కింటి కంచె మీద దొరికింది. నీకు నాలుగు సీసాల జామ్ తీసి పెట్టాను.

బోస్కాంప్ గురించి ఎందుకంత పట్టింపు? కొత్తగా పదవి వచ్చింది, ఏడాది పోతే ఆయనే చల్లబడతాడు. నేను కుట్టిన ముదురు గోధుమరంగు గౌను నీ దగ్గర ఉందిగా, జేబులున్నది. ఈసారికి అది వేసుకో. వెచ్చగా ఉంటుంది కూడా. డిసెంబరులో గుమ్మంలో కూర్చోవాలంటే అదే నయం.

మోకాలు ఎలా ఉంది?

విల్లెమీన్

ఓస్టర్వేర్డ్,
అక్టోబరు 3

విల్లెమీన్,

మోకాలు బాగుంది. జామ్ సంగతి తర్వాత చూద్దాం. నేను రెండు లైన్లు అడిగాను, నువ్వు దుప్పటి కథ రాశావు.

ఆ గోధుమరంగు గౌను తొడుక్కుంటే పొలానికి పోతున్నట్టుంటుంది. పైగా ఇది గౌను గొడవ ఒక్కటే కాదు. ఈ ఏడాది కొత్త నిబంధన పెట్టారు. బట్టలు ఆమోదం పొందని ఇళ్ళవాళ్ళు ఆ రెండు రోజులూ వీధిలోకి రాకూడదట, ముందు గది తెరలు మూసుకోవాలట. టీవీ, సోఫా కనపడితే పాతకాలం పాడవుతుందట.

పగటిపూట తెరలు మూసిన ఇల్లు మన వీధిలో ఎప్పుడైనా చూశావా? మీ అన్న గెర్రిట్ పోయాక నాలుగు రోజులు ముందు గదిలో ఉంచినప్పుడు మూశాను. అంతకుముందు మా అమ్మ పోయినప్పుడు. ఆ గుమ్మంలో ఇరవై ఏళ్ళు నూనె మూకుడు ముందు కూర్చుని ఒలిబోలెన్ వేయించాను. వచ్చినవాళ్ళు ఆ తీపి పిండి ఉండలు తింటూ, చేతులు తుడుచుకుని గౌను అంచు పట్టుకుని చూసేవాళ్ళు. గెర్రిట్ పోయాక ఏడాదంతా ఆ రెండు రోజుల కోసమే చూస్తున్నాను, ఇది నీకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఇప్పుడు నా ఇంట్లో నేనే శవంలా తెర వెనక కూర్చోవాలా?

మళ్ళీ బోస్కాంప్ దగ్గరికి వెళ్ళాను. "తెలిసినవాళ్ళతో రాయించుకురండి, లేదా మ్యూజియంవాళ్ళతో చూపించండి. అసలైనదే అని తేలితే రంగు గురించి మాట్లాడను" అన్నాడు. న్యాయంగానే అన్నాడు. ఇక ఆలస్యం నీదే.

ఫెమ్మీ

వ్లీలాండ్ దీవి,
అక్టోబరు 14

ప్రియమైన వదినకి,

కోప్పడకు. నా చేతులు ఈమధ్య వణుకుతున్నాయి. అధికారికంగా రాసే కాగితం అంటే అక్షరాలు కుదురుగా ఉండాలి, సంతకం సరిగ్గా పడాలి. చూపు కూడా మునుపటిలా లేదు. అయినా నేను కమిటీలోంచి వచ్చేసి ఏడాది కావస్తోంది, నా కాగితం వాళ్ళకెందుకు?

మ్యూజియంవాళ్ళను మాత్రం పిలవకు. వాళ్ళు గౌనును బల్ల మీద పరిచి, తిరగేసి, ఎక్కడెక్కడో లాగుతారు. పాత గుడ్డ అంత మోటుతనానికి తట్టుకోదు. ఏదైనా చిరిగితే నువ్వే ఏడుస్తావు.

పోనీ, ఈ ఏడాది పండగకి నువ్వే ఇక్కడికి రాకూడదా? దీవి మీద డిసెంబరులో పర్యాటకులుండరు. మనిద్దరం పొయ్యి దగ్గర కూర్చుని బఠానీ సూపు తాగుదాం. గోల ఉండదు, బోస్కాంప్ ఉండడు.

ఒక్క మాట. కాజాల గురించి ప్రతిసారీ రాస్తావెందుకు? నాకు గుర్తుంది.

విల్లెమీన్

ఓస్టర్వేర్డ్,
అక్టోబరు 30

విల్లెమీన్,

చేతులు వణుకుతున్నాయని చెప్పడానికి నిండా ఒక పేజీ రాశావు. ఒక్క అక్షరం వంకర పోలేదు. అద్దాలు పెట్టుకుని రెండుసార్లు చూశాను.

నీకేమైందో నాకర్థం కావడం లేదు. వీధంతా నా వైపు జాలిగా చూస్తోంది. ఎదురింటి యాన్నెకె నిన్న వచ్చి, "మా అత్తగారి నల్ల శాలువా ఉంది, కప్పుకుంటారా?" అని అడిగింది. మంచి మనసుతోనే అడిగింది, అదే నాకు ఎక్కువ మంట. నీకు ఎవరైనా ఏదైనా చెప్పారా? నువ్వు దీవికి వెళ్ళావని కమిటీ నీ పేరు తీసేసినప్పుడు నీ తరఫున నేను గట్టిగా మాట్లాడలేదని మనసులో పెట్టుకున్నావా? మాట్లాడాను. నువ్వు హాల్లో లేవు కాబట్టి వినలేదు.

నీ సాయం లేకపోతే లేకపోయింది. మ్యూజియానికి రాశాను. నవంబరు 21, శనివారం ఒకావిడ వచ్చి చర్చి హాల్లో అందరి ముందూ గౌను చూస్తుంది. అందరి ముందే చూడాలని నేనే పట్టుబట్టాను. బోస్కాంప్ మొహం ఎలా మారుతుందో ఊరంతా చూడాలి.

నువ్వు జామ్ కాచుకో.

ఫెమ్మీ

వ్లీలాండ్ దీవి,
నవంబరు 16

వదినా,

ఈ ఉత్తరం పదిసార్లు మొదలుపెట్టి పొయ్యిలో వేశాను. దయచేసి ఆ మ్యూజియం ఆవిడను రావద్దని చెప్పు. ఆ గౌను మీ ముత్తవ్వది కాదు. నేను కుట్టినది.

పద్దెనిమిదేళ్ళ కిందట నడుం వదులు చేయమని గౌను నాకిచ్చి, పిత్తాశయంలో రాళ్ళకు ఆపరేషన్ అని ఆసుపత్రిలో చేరావు. ఆపరేషన్ రోజు ఇంట్లో నా కాలు నిలవలేదు. ఏదో ఒక పని చేతిలో ఉండాలని గౌను ఇస్త్రీ చేస్తున్నాను. ఫోన్ మోగింది. అన్నయ్య. "అంతా బాగా జరిగింది, కళ్ళు తెరిచింది, అప్పుడే నర్సును తిడుతోంది" అన్నాడు. నేను నవ్వుతూ, ఏడుస్తూ మాట్లాడుతూ ఉండిపోయాను. ఇస్త్రీపెట్టె గౌను మీదే వదిలేశాను. వాసన వచ్చేసరికి వీపు మధ్యలో నల్లటి కన్నం పడింది. ఎత్తబోతే చుట్టూ పెళుసుగా విరిగిపోయింది.

అన్నయ్య వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు. "ఇప్పుడు చెప్తే కుట్లు తెగేదాకా అరుస్తుంది. నయమయ్యాక చెబుదాం" అన్నాడు. ఇద్దరం కారులో పట్నం వెళ్ళి, మూడు కొట్లు తిరిగి అదే ఊదా రంగు ఉన్ని గుడ్డ కొన్నాం. పాతది ముందు పెట్టుకుని, కొలతకు కొలత, కుట్టుకు కుట్టు, చేత్తోనే కుట్టాను. మూడు వారాలు పట్టింది. నువ్వు కోలుకుని మా ఇంటికొచ్చి, గౌను తొడుక్కుని, అద్దం ముందు తిరిగి, "చూశావా, ఇలాంటి కుట్టు ఇప్పుడెవరికి వస్తుంది?" అన్నావు. అన్నయ్య నా వైపు చూశాడు, నేను నేల వైపు చూశాను. ఆ తర్వాత చెప్పడానికి మంచిరోజు దొరకలేదు.

చివరి రోజు నూలు దారం అయిపోయింది. కింది అంచులో ఒక జానెడు మామూలు పాలిస్టర్ మిషన్ దారంతో కుట్టాను. ఆమె అక్కడ చూస్తే పట్టేస్తుంది.

నా చెవులు బాగానే వినపడతాయి వదినా. ఆ రోజు నుంచి ఫోన్ మోగితే నాకు మాడు వాసన వస్తుంది.

విల్లెమీన్

ఓస్టర్వేర్డ్,
నవంబరు 23

శ్రీమతి విల్లెమీన్ గారికి,

మీ ఉత్తరం ఈ పొద్దున అందింది. తుఫానుకి మీ దీవి పడవలు మూడు రోజులు ఆగిపోయాయట. శనివారం ఎలాగూ రానే వచ్చింది.

మ్యూజియం ఆవిడ చిన్న వయసుది, మర్యాదస్తురాలు. భూతద్దంతో ముందు భాగమంతా చూసింది. కాజాల దగ్గర చాలాసేపు ఆగి, "చాలా గొప్ప పనండి" అంది. నేను బోస్కాంప్ వంక ఎలా చూశానో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. తర్వాత కింది అంచు తిరగేసింది. ఒక పోగు లాగి, "అనుమతిస్తారా?" అని అడిగి అగ్గిపుల్ల వెలిగించింది. నూలయితే బూడిద అవుతుందట. అది కరిగి గుండుసూది తలంత పూస అయింది. ఆ పూసను తెల్ల పళ్ళెంలో పెట్టి అందరికీ చూపించారు. అందరి ముందూ అని పట్టుబట్టింది నేనే కదా.

"దీనికి ముప్పై ఏళ్ళు కూడా ఉండవండి. రంగు కూడా కుట్టినావిడ ఊహించుకుని పెట్టి ఉండవచ్చు" అంది. బోస్కాంప్ లేచి వచ్చాడు. నాకు కోటు అందించాడు. తిట్టినా బాగుండేది.

చర్చి మెట్లు దిగుతుంటే నేను అబద్ధాలకోరునని అందరూ అనుకుంటున్నారు. నేను కాదు. నాతో అబద్ధం ఆడించారు, మీరూ మీ అన్నగారూ కలిసి. ఆయన్ని తిడదామని ఈ మధ్యాహ్నం సమాధి దగ్గరికి వెళ్ళాను. పక్క సమాధికి వచ్చినవాళ్ళు పూలు సర్దుతూ నమస్కారం పెట్టారు. నేనూ నమస్కారం పెట్టి తిరిగొచ్చాను. నలభై ఆరేళ్ళు ఒక మంచం మీద పడుకున్న మనిషి, ఆ గౌనుకు నాకు గుండీలు పెడుతూ కూడా నోరు విప్పలేదు. చచ్చినవాడి మీద కోపం ఎలా తీర్చుకోవాలో మీకు తెలిస్తే చెప్పండి. లేదా వద్దు, ఇక నాకు ఉత్తరాలు రాయకండి.

ఫెమ్మిఖ్యె బ్రూయింక్

వ్లీలాండ్ దీవి,
డిసెంబరు 7

వదినా,

రాయొద్దన్నావు. రాస్తున్నాను. నన్ను గారూ అని పిలిచినందుకు రెండు రోజులు ఏడ్చాను, మూడో రోజు కోపం వచ్చింది.

గౌను కాల్చింది నేనే, దాచింది నేనే. దానికి నువ్వు ఎంత తిట్టినా పడతాను. కాని నా మాట కూడా ఒకసారి విను. మా అమ్మాయి పెళ్ళి గౌను కుట్టినప్పుడు ఏమన్నావు? "బాగానే ఉంది, కాని ముత్తవ్వ కాజాలు చూసిన కంటికి ఇవి ఆనవు." చర్చి పాటలవాళ్ళకు ముప్పై అంగీలు కుట్టినప్పుడూ అదే మాట. బోస్కాంప్ భార్య కోటు కుట్టి ఇచ్చిన రోజు, ఆవిడ ముందే ఊదా గౌను తెచ్చి బల్ల మీద పరిచి, "పని అంటే ఇదీ" అని నాకు పాఠం చెప్పావు. పద్దెనిమిదేళ్ళు నా పనినే నాకు చూపించి నన్ను చిన్నబుచ్చావు. తప్పు చేసినదాన్ని కనుక నోరు మూసుకుని తల ఊపాను. ఆ గౌనుకు పద్నాలుగు కాజాలు వదినా. ఒక్కొక్కదానికి గంటన్నర పట్టింది. నా జన్మలో అంత బాగా ఇంకేదీ కుట్టలేదు. అది నాది అని ఒక్కసారైనా చెప్పుకోలేకపోయాను.

మీ ముత్తవ్వ గౌనులో మిగిలిన భాగం నేను పారేయలేదు. ముందు పట్టీ, కాజాలతో సహా, ఇన్నేళ్ళూ నా సూదుల పెట్టె అడుగున ఉంది. ఈ ప్యాకెట్లో పంపుతున్నాను. ఆ మ్యూజియం అమ్మాయికి చూపించు. కుట్టు లోపల మడత విప్పి, ఎండ తగలని చోట చూడమను. మీ ముత్తవ్వ ఎంత ముదురు ఊదా రంగు తొడుక్కుందో చూస్తే బోస్కాంప్ కళ్ళు చెదురుతాయి. నేను ఊహించుకుని పెట్టలేదు. గౌను కొత్తదైతేనేం, పండగలో అందరివీ కొత్తగా కుట్టినవేగా. రంగు నిజం.

కాజాలు కూడా చూడు. నువ్వే చూడు, నేనేమీ అనను.

విల్లెమీన్

ఓస్టర్వేర్డ్,
డిసెంబరు 15

విల్లెమీనూ,

ప్యాకెట్ గురువారం వచ్చింది. శుక్రవారం పొద్దున మొదటి రైలుకి మ్యూజియానికి పోయాను. ఆ అమ్మాయి మడత విప్పి కిటికీ దగ్గర పెట్టి, "అబ్బ" అంది. అంతే. తర్వాత కూర్చుని కాగితం రాసి ఇచ్చింది, నువ్వు సెప్టెంబరులో రాయాల్సినది.

తిరిగొచ్చేసరికి బోస్కాంప్ నిచ్చెన మీద నిలబడి దీపాలు కడుతున్నాడు. కిందికి దిగి కాగితం చదివాడు, ముక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "ఫోటోలో ఇది తెలియదు కదండీ" అన్నాడు. అవును, తెలియదు అన్నాను. గెలిచాను కదా, ఇంకో మాట అనాలనిపించలేదు. కాని శనివారం జాబితా అచ్చయిపోయిందట. ఆదివారం ఒక్కరోజే కూర్చోమన్నాడు.

కాబట్టి శనివారం తెరలు మూసుకుని ఉన్నాను. బయట బాజాలు, గుర్రబ్బండి చప్పుడు. అందరూ మా గుమ్మం దాటి పోతున్నారు. పదకొండింటికి ఎవరో పెరటి తలుపు తట్టారు. వెనక వీధి ముసలి హార్మినా, సూపు గిన్నె పట్టుకుని, మొహం వేలాడేసి నిలబడింది. "తెరలు చూశానమ్మా. ఎవరు పోయారు?" అంది. "నేనే" అన్నాను. లోపలికి రమ్మని ఇద్దరం ఆ సూపు తాగాం.

ఆ మధ్యాహ్నమంతా వంటింటి బల్ల మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ముత్తవ్వ కాజాలు వంకరటింకరగా ఉన్నాయే. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. ఒకచోట దారం చాలక ముడి వేసి వదిలేసింది. నాలాగే తొందర మనిషి. నీవి పద్నాలుగూ వేలితో తడిమాను. ఒక్కటీ తేడా లేదు. ఈ కాజాలు పొగిడీ పొగిడీ నీ మొహం చూడటం మరిచిపోయాను. నన్ను క్షమించు. గౌను కాల్చినందుకు కాదు, దాచినందుకు నా కోపం ఇంకా ఉంది. అది వేరు, ఇది వేరు.

గుమ్మం దగ్గర కమిటీవాళ్ళు తగిలించే అట్ట మీద "కుట్టినవారు" అని ఒక వరస ఉంటుంది, నీకు తెలుసు. ఇరవై ఏళ్ళుగా అక్కడ ముత్తవ్వ పేరు ఉంది. కొట్టేసి నీ పేరు రాశాను. ఆదివారం గుమ్మంలో మూకుడు పెట్టుకుని కూర్చున్నాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఒకావిడ ఒలిబోలెన్ తింటూ వంగి, "ఇంత బాగా ఎవరు కుట్టారండీ?" అని అడిగింది. నా నోరు అలవాటుగా ముత్తవ్వ అనబోయింది.

"మా ఆడపడుచు" అన్నాను. "పద్నాలుగు కాజాలు. ఒక్కోదానికి గంటన్నర." ఆ తర్వాత అడగనివాళ్ళకి కూడా చెప్పాను. బోస్కాంప్‌కి రెండుసార్లు చెప్పాను.

సాయంత్రం మూకుడు ఎత్తబోతే కుడి చంక దగ్గర కుట్టు ఊడింది. ముత్తవ్వదే అయితే ఏదో ఒక దారంతో నేనే లాగి పడేసేదాన్ని. దీని మీద చెయ్యి వేయడానికి నాకు ధైర్యం లేదు. శనివారం పడవకి రా. జామ్ తీసుకురా. గౌను మొత్తం నలిగిపోయింది, ఇస్త్రీ కూడా నువ్వే చెయ్యాలి. చేస్తున్నంతసేపూ ఫోన్ మోగితే నేను ఎత్తుతాను.

నీ వదిన,
ఫెమ్మీ